పదవ తరగతి దాటిన పిల్లవాడు - తగిన కళాశాల ఎంపిక

పదవ తరగతి ఫలితములు వెలువడిన వారము దినములలో ప్రతి గ్రామమునందును ఒకే ప్రశ్న వినబడును: "మీవాడిని ఎక్కడ చేర్చుచున్నారు?" దీనికి సమాధానము సాధారణముగా మార్కులను బట్టియు, తండ్రి చేతిలోని రొక్కమును బట్టియు, ప్రక్క యింటి పిల్లవాడు చేరిన కళాశాలను బట్టియు నిర్ణయమగుచుండును. చాలమంది పిల్లల విషయమున ఇట్లు నిర్ణయించినను పెద్ద నష్టము లేదు. పిల్లవాడు నాలుగు దినములు ఇల్లు తలచుకొని బెంగపడి, అయిదవ దినమున క్రొత్త స్నేహితులలో కలిసిపోవును. కాని అట్లు కలిసిపోలేని పిల్లలు ప్రతి గ్రామమునందును కొందరుందురు. వారి విషయమున తగని కళాశాలను ఎంచుట వలన రెండేండ్ల చదువే గాక, ఒక్కొక్కప్పుడు ఆ పిల్లవాని ఆరోగ్యమును, ఫీజు కొరకు అమ్మిన అర ఎకరమును గూడ పోవును. తలిదండ్రులు పంచాయతీ సభ్యుల యొద్దకు సలహా కొరకు వచ్చునది సరిగా ఈ సమయముననే. కావున సభ్యులు ఈ విషయమును కొంత తెలిసికొనియుండుట అవసరము.

ఎవరీ పిల్లలు?

ఒక పిల్లవాడు లెక్కలను నోటితో తటాలున చెప్పును. కాని నల్లబల్లపై నున్న నాలుగు వాక్యములను చూచి వ్రాయుటకు వానికి అరగంట పట్టును. మరియొకడు ఊరిలో ఆగు ప్రతి బస్సు నంబరును, వేళను ఎరుగును. కాని ఎదుటివారి కన్నులలోనికి చూచి మాటలాడడు, పెండ్లి మేళము వినబడినచో చెవులు మూసికొని పరుగెత్తును. ఇంకొక బాలిక పుస్తకము తెరచిన పది నిమిషములకే లేచిపోవును. పెన్ను, టిఫిను డబ్బా, గొడుగు వారమునకొకటి పోగొట్టుకొనును. ఊరివారు మొదటివానిని సోమరి యనియు, రెండవవానిని వెర్రివాడనియు, ఆ పిల్లను పెంకిఘటమనియు పేర్లు పెట్టుదురు. వైద్యులు ఈ స్థితులకు వరుసగా డిస్‌గ్రాఫియా, ఆటిజం, ఏ.డి.హెచ్.డి. అను పేర్లు పెట్టియున్నారు. చదువుటలో అక్షరములు తడబడు డిస్లెక్సియాయు ఈ కోవకే చెందును. ఇట్టివారినందరిని కలిపి న్యూరోడైవర్జెంట్ అనుట ఇటీవలి దశాబ్దములలో వాడుకలోనికి వచ్చినది. మెదడు పనిచేయు తీరు పదిమంది తీరునకు భిన్నముగా నున్నవారని దాని భావము.

ఇది గ్రహదోషము కాదు, గాలి సోకుట కాదు, తల్లి పెంపకములోని లోపము అంతకంటె కాదు. ఆటిజమును 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను పరిశీలించి వర్ణించెను. అటుపిమ్మట కొన్ని దశాబ్దముల పాటు తల్లి ప్రేమ చూపకపోవుటయే దీనికి కారణమని పెద్ద పండితులే వ్రాసిరి. అది సత్యము కాదని తరువాత తేలినది. టీకాల వలన వచ్చునని సూచించుచు 1998లో ఒక వైద్యపత్రికలో వెలువడిన వ్యాసమును 2010లో ఆ పత్రికయే ఉపసంహరించుకొన్నది. ఏ.డి.హెచ్.డి. గల పిల్లలకు వైద్యులిచ్చు మందులు నిలకడకు కొంత తోడ్పడును. దండన మాత్రము దేనికిని మందు కాదు. మేధాశక్తి తక్కువగా నుండుట వేరొక సంగతి. కొందరిలో రెండును కలిసియుండవచ్చును గాని, ఒకటి చూచి రెండవది ఉన్నదని ఎంచరాదు.

గ్రామములోని ఉన్నత పాఠశాలలో ఇట్టి పిల్లవాడు ఎట్లో నెట్టుకొని వచ్చును. ఆరవ తరగతి నుండి అవే ముఖములు, అదే మూల బల్ల, ఆవరణలో అదే వేపచెట్టు. గంట మ్రోగినప్పుడు వీడు చెవులు మూసికొనునని అటెండరునకును తెలియును. లెక్కల మాస్టారు వీని దస్తూరి చదువుటకు అలవాటు పడియుండును. ఈ సర్దుబాట్లేవియు కాగితముపై లేవు; మనుష్యుల తలలలో ఉన్నవి. పదవ తరగతితో ఆ మనుష్యులు వెనుక ఉండిపోవుదురు. క్రొత్త కళాశాలలో సబ్జెక్టునకొక అధ్యాపకుడు, కిక్కిరిసిన తరగతి, బస్సు ప్రయాణము, కొన్నిచోట్ల వసతిగృహము. ఈ పిల్లలలో పలువురకు అన్నింటికంటె కష్టమైనది మార్పు. ఆ మార్పులన్నియు ఒకే సోమవారమున మీద పడును.

అందువలన మొదటి పని కళాశాలలు చూచుట కాదు. పాఠశాల విడువకముందే ప్రధానోపాధ్యాయునిచేత ఒక పత్రము వ్రాయించుకొనవలెను. వీనికి ఏది చేతనగును, ఏది చేతగాదు, ఏమి చేసినచో కుదుటబడును, ఏమి చేసినచో చెదరిపోవును అను నాలుగు విషయములు అందుండవలెను. ఒక పేజీ చాలును. మండలములోని భవిత కేంద్రమున పనిచేయు ప్రత్యేకోపాధ్యాయులకు ఆ పిల్లవాడు తెలిసియున్నచో వారి మాటయు చేర్చుట మంచిది. పిమ్మట తల్లిని అడుగవలెను. వైద్యుడు ఎరుగని సంగతులు తల్లి ఎరుగును: వాడు ఏ కూర తినడు, ఎవరు ప్రక్కన పడుకొన్నచో నిద్రపోడు, కోపము రాకముందు వాని చేతులు ఎట్లు కదలును. చివరకు ఆ పిల్లవానినే అడుగవలెను. "నీకేమి కావలెను?" అని నలుగురిలో అడిగినచో వాడు నోరు విప్పడు. అవునో కాదో చెప్పదగిన చిన్న ప్రశ్నలు వేసి, జవాబునకు వ్యవధి నిచ్చినచో చాలమంది చెప్పుదురు. కొందరు వ్రాసి చూపుదురు.

కరపత్రములును, గ్రూపులును

పరీక్షలు పూర్తికాకముందే ప్రైవేటు కళాశాలల ప్రతినిధులు గ్రామములకు వచ్చుచుందురు. వీరినే పి.ఆర్.ఓ.లని పిలుచుట పరిపాటి. "ఇప్పుడే సీటు ఖాయము చేసికొన్నచో ఫీజులో తగ్గింపు" అని వీరు తొందరపెట్టుదురు; సర్పంచి గారి చేతను, వార్డు సభ్యుల చేతను ఒక మాట చెప్పించుటకు ప్రయత్నింతురు. ఈ వ్యాసకర్త వృత్తి ప్రచారమే గనుక ఒక సంగతి ధైర్యముగా చెప్పవచ్చును: ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలు కరపత్రమున అచ్చగును, దసరాకు ఇంటికి వచ్చి మరల వెళ్లని పిల్లల సంఖ్య ఏ కరపత్రమునందును అచ్చుకాదు. ఆ రెండవ సంఖ్యనే సభ్యులు అడుగవలెను.

ఉదాహరణమునకు ఒక కుటుంబమును ఊహించుకొందము. మండల కేంద్రమునకు 12 కిలోమీటర్ల దూరమున ఒక గ్రామము. తండ్రికి రెండెకరముల మెట్ట. కుమారునకు ఆటిజం కలదు. లెక్కలలో మంచి మార్కులు, భాషలలో గట్టెక్కు మార్కులు. మోటార్లు, బస్సులు అనిన ప్రాణము. తండ్రి వానిని నగరములోని వసతి కళాశాలలో ఎం.పి.సి.లో చేర్చి ఇంజనీరును చేయదలచినాడు. పినతండ్రి "వీనికి అంత చదువు ఎక్కడ ఎక్కును, హెచ్.ఇ.సి. తేలిక, అందులో వేయుము" అనుచున్నాడు. మేనమామ ఐ.టి.ఐ. అనుచున్నాడు. ముగ్గురును ప్రేమతోనే చెప్పుచున్నారు. పంచాయతీ సభ్యుడు ఎవరి ప్రక్క మాటలాడవలెను?

పినతండ్రి మాటను ముందుగా పరిశీలింతము, ఏలయన ఇది గ్రామములలో మిక్కిలి విరివిగా నున్న అభిప్రాయము. హెచ్.ఇ.సి., సి.ఇ.సి. గ్రూపులు తేలిక అను మాట ఎవరికి నిజము? చేయి తిరిగి వ్రాయగలవానికి నిజము. చరిత్ర, పౌరశాస్త్రము, అర్థశాస్త్రము అనునవి పుటలకొలది సమాధానములు వ్రాయవలసిన సబ్జెక్టులు. చేతివ్రాత సాగని పిల్లవానికి, భావములను వాక్యములుగా కూర్చుటకు తడబడు పిల్లవానికి, నాలుగు పంక్తులలో ముగియు లెక్కయే తేలిక. కామర్సులో ఖాతాలు గడులు దాటకుండ వ్రాయవలెను. వరుస తప్పని క్రమమును ఇష్టపడు పిల్లవానికి అది ఆనందము, అంకెలు తారుమారుగా కనబడు డిస్కాల్‌క్యులియా గలవానికి నరకము. బై.పి.సి.లో బొమ్మలు గీయుట, రికార్డులు వ్రాయుట అధికము. కావున "తెలివి తక్కువ వారికి ఇది, ఎక్కువ వారికి అది" అను లెక్క ఈ పిల్లలకు వర్తింపదు. గత సంవత్సరపు ప్రశ్నపత్రములను తెచ్చి పిల్లవాని ముందుంచి, ఏ పత్రమునకు ఎంత వ్రాయవలసియుండునో చూచినచో ఒక సాయంకాలములో తేలిపోవును.

మేనమామ మాటలో సారము కలదు. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేండ్లది. చేతిపనిపై మక్కువ గలవానికి అది సరియైన మార్గము కావచ్చును. పాలిటెక్నిక్ డిప్లొమాయు, ఇంటర్మీడియట్‌లోని వృత్తివిద్యా కోర్సులును అట్టివే. కాని ఐ.టి.ఐ. కార్యశాలలో ఒకే కప్పు క్రింద లేతు యంత్రములు, సుత్తి దెబ్బలు, గ్రైండరు చప్పుడు ఉండవచ్చును. పెండ్లి మేళమునకే పరుగెత్తు పిల్లవాడు అచట నిలువగలడా? కొందరు చెవులకు రక్షణ పెట్టుకొని నిలువగలరు, కొందరు నిలువలేరు. ఇది ఊహించి తేల్చదగినది కాదు. ఒక పూట తీసికొనిపోయి నిలబెట్టి చూడవలెను.

వసతి కళాశాలలు

తండ్రి మాటయే అన్నింటికంటె ఖర్చుతో కూడినది గనుక దీనిని కొంత విపులముగా చూడవలసియున్నది. ప్రవేశపరీక్షల శిక్షణ నిచ్చు అనేక వసతి కళాశాలలలో తెల్లవారుజామున లేపి రాత్రి పొద్దుపోవువరకు చదివించుదురు. ఒక గదిలో పలువురు. వారమునకొక పరీక్ష. మార్కులను బట్టి సెక్షన్లు మార్చుచుందురు. ఇంటికి ఫోను చేయుటకు నిర్ణీత వేళలు. ఈ ఒత్తిడికి మామూలు పిల్లలే తట్టుకొనలేక కష్టపడుచున్నారు. రెండు రాష్ట్రములలోను విద్యార్థుల ఆత్మహత్యలు పలుమార్లు వార్తలకెక్కినవి, విచారణ సంఘములు ఏర్పడినవి.

ఆటిజం గల కొందరు పిల్లలు వేళాపట్టికను ఇష్టపడుదురు. అయిదు గంటలకు లేపుదురనిన వారికి భయము లేదు. ఏ దినమున ఏమి జరుగునో తెలియుటయే వారికి ఊరట. వారిని దెబ్బతీయునది పట్టిక కాదు, పట్టిక మారుట. పరీక్ష జరిగినప్పుడెల్ల సెక్షను మారి, ప్రక్కవాడు మారి, అధ్యాపకుడు మారుట, రాత్రి గదిలో వెలుగు, మాటలు, భోజనశాలలోని రొద, నచ్చని కూర తప్ప వేరు లేకపోవుట, ఎగతాళి. ఏకాంతమునకు ఒక్క మూల లేని చోట వీరు పగలంతయు బిగబట్టుకొని రాత్రి కూలిపోవుదురు. వార్డెను దానిని క్రమశిక్షణా లోపమని వ్రాసికొనును. ఏ.డి.హెచ్.డి. గల పిల్లలకు ఏకబిగిని నాలుగు గంటలు స్టడీ అవరులో కూర్చుండుటయే శిక్ష. నా అభిప్రాయములో, ఇంటికి బస్సు దూరములో ఒక మాదిరి కళాశాల యున్నను, మొదటి సంవత్సరము ఇట్టి పిల్లవానిని వసతిగృహమున ఉంచరాదు. వానిని బాగుగా ఎరిగిన వారు సాయంకాలము ఇంటివద్ద ఉండుట ఏ శిక్షణకును తక్కువ కాదు.

ప్రభుత్వ గురుకులములు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములు వేరు తరహావి. అచట వ్యయము లేదు. అయిదవ లేక ఆరవ తరగతి నుండి అచటనే చదివి అలవాటు పడిన పిల్లను పదవ తరగతి తరువాత అక్కడి నుండి కదల్చుటయే మార్పు. అచటనే ఇంటర్మీడియట్ ఉన్నచో కొనసాగించుట తరచుగా మేలు.

బాలికల సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఆటిజం, ఏ.డి.హెచ్.డి. గల బాలికలు పలువురు తోటివారిని చూచి అనుకరించుచు తమ కష్టమును దాచుకొందురు. అందువలన "మెతక పిల్ల" అను పేరుతో ఎవరి దృష్టికిని రాక, పదవ తరగతిలో ఒక సబ్జెక్టు పోగానే చదువు మాన్పించి పెండ్లి సంబంధములు చూచుట జరుగుచున్నది. 2006 నాటి చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండని బాలికకు వివాహము చేయుట నేరము. ప్రయాణపు ఖర్చు ఒక కారణముగా చెప్పుచుండిరి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండియు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండియు ఆర్.టి.సి. బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణ పథకములు మొదలైనవి. ఆ పల్లె వెలుగు బస్సు తమ ఊరికి కళాశాల వేళకు వచ్చుచున్నదా అనునది పంచాయతీ డిపో మేనేజరునకు వ్రాసి సాధింపవలసిన విషయము.

ఏ కళాశాలకును పోలేని వారికి సార్వత్రిక పాఠశాల కలదు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ 1989లో ఏర్పడినది. రెండు రాష్ట్రములకును తమ తమ సార్వత్రిక పాఠశాల సంస్థలు కలవు. జాతీయ సంస్థలో ఒకసారి నమోదైనచో అయిదేండ్లలో తొమ్మిది పర్యాయములు పరీక్షలు వ్రాయు అవకాశమున్నది. ఒక్కొక్క సబ్జెక్టుగా పూర్తి చేసికొనవచ్చును. ఇది చదువు మానుట కాదు. అయితే ఇంటివద్ద కూర్చుండుట మాత్రమే మిగిలినచో పిల్లవాడు మనుష్యులకు మరింత దూరమగును గనుక, ఉదయము పూట ఏదైన పని నేర్చుకొను ఏర్పాటుతో కలిపి దీనిని ఎంచవలెను.

చూడబోవుట

కళాశాలను ఆదివారమున చూడరాదు. పనిదినమున, మధ్యాహ్న భోజనపు గంట వేళకు పోవలెను. ఆ అరగంటలో వినబడు చప్పుడే రెండేండ్లు వినబడును. మొదట తండ్రియో, సభ్యుడో పోయి చూచి, నచ్చినచో రెండవసారి పిల్లవానిని తీసికొనిపోవలెను. వానిని నాలుగైదు కళాశాలలు త్రిప్పినచో అలసి, దేనిని గూర్చియు చెప్పలేకపోవును. బస్సు దిగిన చోటి నుండి గేటు వరకు నడిపించి చూడవలెను. మరుగుదొడ్డి చూడవలెను. ఇది చిన్న విషయముగా తోచును గాని, మరుగుదొడ్డి వాసనకు దినమంతయు నీరు త్రాగక కూర్చుండు పిల్లలున్నారు.

ప్రిన్సిపాలును అడుగవలసినవి కొన్ని కలవు. వీనికి ఏదైన ఇబ్బంది కలిగినచో వాడు నేరుగా ఏ ఒక్క అధ్యాపకుని యొద్దకు పోవలెను? రొద భరింపరానప్పుడు పది నిమిషములు కూర్చుండుటకు గ్రంథాలయమో, మరొక గదియో కలదా? బోర్డుపై వ్రాసినదానిని ఫోనుతో ఫొటో తీసికొననిత్తురా? తరగతిలో ఎల్లప్పుడును ఒకే చోట కూర్చుండనిత్తురా? మధ్యలో మానవలసివచ్చినచో ఫీజులో ఎంత తిరిగి ఇత్తురు? ఈ చివరి ప్రశ్నకు జవాబును కాగితముపై తీసికొనవలెను.

"మా యొద్ద అందరినీ సమానముగా చూతుము, ఎవరికిని ప్రత్యేకత లేదు" అని ప్రిన్సిపాలు సెలవిచ్చినచో వినుటకు సొంపుగా నుండును. జాగ్రత్తపడవలసినది అచటనే. వ్రాయలేనివానికిని, వ్రాయగలవానికిని ఒకే గడువు నిచ్చుట సమానత్వము కాదు. "ఇట్టి పిల్లవాడు మాకు క్రొత్త, ఏమి చేయవలెనో మీరు చెప్పుడు, ప్రయత్నింతుము" అను ప్రిన్సిపాలున్న కళాశాల ఫలితములలో పది స్థానములు వెనుక నున్నను మేలు.

మన ఉదాహరణములోని తండ్రి ఇట్లు తిరిగి చూచినచో ఏమి తేలవచ్చును? ఐ.టి.ఐ. కార్యశాలలో కుమారుడు అయిదు నిమిషములకే బయటికి వచ్చివేసినాడనుకొందము. మండల కేంద్రములోని ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఎం.పి.సి. తరగతి పలుచగా నున్నది, గ్రంథాలయము నిశ్శబ్దముగా నున్నది, బస్సు వాడెరిగినదే. అచట ఇంజనీరింగు ప్రవేశపరీక్షకు శిక్షణ లేదు. తండ్రికి ఇది బాధ కలిగించును. శిక్షణ తరువాత నైనను పొందవచ్చును. పదునారవ యేట చదువుపై పుట్టిన భయము అంత సులభముగా పోదు. సభ్యుడు ఈ మాట తండ్రికి ఒంటరిగా చెప్పవలెను గాని రచ్చబండపై చెప్పరాదు.

చట్టము ఏమి యిచ్చుచున్నది?

వికలాంగుల హక్కుల చట్టము 2016లో చేయబడి 2017 ఏప్రిలు 19 నుండి అమలులోనికి వచ్చినది. అందు పేర్కొన్న 21 స్థితులలో ఆటిజమును, డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా, డిస్కాల్‌క్యులియా మొదలగు నిర్దిష్ట అభ్యసన వైకల్యములును ఉన్నవి. ఏ.డి.హెచ్.డి. పేరు ఆ జాబితాలో లేదు. ఇది పెద్ద లోటు. అట్టి పిల్లలలో అభ్యసన వైకల్యము గూడ ఉన్నదేమో పరీక్షింపజేయుట మంచిది. 16వ సెక్షను ప్రకారము ప్రభుత్వ నిధులు పొందునవియే గాక, ప్రభుత్వ గుర్తింపు పొందిన విద్యాసంస్థలును వివక్ష లేక చేర్చుకొని, పిల్లవాని అవసరమునకు తగిన సర్దుబాట్లు చేయవలెను. అనగా ప్రైవేటు జూనియర్ కళాశాల "ఇట్టివారిని చేర్చుకొనము" అనుటకు వీలులేదు. 17వ సెక్షను పరీక్షలలో అదనపు సమయము, వ్రాయుటకు సహాయకుడు, రెండవ మూడవ భాషల మినహాయింపు మొదలగు వాటిని పేర్కొన్నది. 40 శాతము లేక అంతకు మించిన వైకల్యము గలవారికి 18 ఏండ్ల వరకు ఉచిత విద్య 31వ సెక్షను ఇచ్చిన హక్కు.

వ్రాత పరీక్షలను గూర్చి కేంద్రప్రభుత్వము 2018లో ఇచ్చిన మార్గదర్శకములు గంటకు 20 నిమిషములకు తక్కువ కాకుండ అదనపు సమయ మీయవలెనని చెప్పినవి. మూడు గంటల పరీక్షకు అది ఒక గంట. 40 శాతమునకు తక్కువ యున్నవారి గతి యేమి? చేతికండరములు బిగిసికొనిపోయి వ్రాయలేని ఒక అభ్యర్థి వేసిన వికాస్ కుమార్ కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు, సహాయకుని పొందుటకు 40 శాతపు గీత అడ్డు కారాదని తీర్పు చెప్పెను. దాని ననుసరించి 2022 ఆగస్టులో వారికిని మార్గదర్శకములు వెలువడినవి. అయితే ఈ సదుపాయములు అడుగనిదే రావు. పరీక్ష రుసుము చెల్లించు నాటికే కళాశాల ద్వారా దరఖాస్తు పోవలెను. హాల్ టికెట్టు వచ్చిన పిమ్మట పరుగెత్తిన ఫలము లేదు.

ఇందుకు వైద్య ధ్రువపత్రము కావలెను. సదరం శిబిరమనిన గ్రామములలో తెలియని వారు లేరు. కాలు చేయి లేనివారికే అది అను అపోహ మాత్రము పోలేదు. ఆటిజమునకును, అభ్యసన వైకల్యమునకును ధ్రువపత్రము, యు.డి.ఐ.డి. కార్డు కలవు. నిపుణుల పరీక్ష కొరకు జిల్లా ఆసుపత్రిలోని బాలల సత్వర చికిత్సా కేంద్రమును, సికిందరాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థను ఆశ్రయింపవచ్చును. "ముద్ర పడిపోవును, పెండ్లి కాదు" అని పలువురు తల్లులు ధ్రువపత్రమునకు వెనుకాడుదురు. ఈ భయమును చులకన చేయరాదు. పత్రము పెట్టెలో నుండును, ఎవరికి చూపవలెనో నిర్ణయము కుటుంబముదే అని నచ్చచెప్పవలెను. ఇంటర్మీడియట్ ముగియు వేళకో, అటుపిమ్మట కొద్దికాలమునకో పిల్లవానికి 18 ఏండ్లు నిండును. అప్పటి నుండి వాడు చట్టము దృష్టిలో పెద్దవాడు. స్వయముగా వ్యవహరింపలేని ఆటిజం గలవారికి సంరక్షకుని నియమించుటకు 1999 నేషనల్ ట్రస్టు చట్టము క్రింద కలెక్టరు అధ్యక్షతన స్థానిక సంఘము కలదు.

ఇంగ్లండులో పదునారేండ్లు నిండినవారు రెండేండ్లు చదువు కళాశాలలను సిక్స్త్ ఫారమ్ కాలేజీలందురు. అచట 2014 చట్టము ప్రకారము ఎక్కువ సహాయము కావలసిన పిల్లవానికి విద్య, ఆరోగ్యము, సంరక్షణ మూడును కలిపి ఒక ప్రణాళిక వ్రాయుదురు. అది 25 ఏండ్ల వరకు సాగవచ్చును. అందు పేరు వ్రాసిన ప్రభుత్వ నిధుల కళాశాల ఆ పిల్లవానిని చేర్చుకొనవలసినదే. పదునారు దాటిన పిమ్మట కోరు హక్కు తలిదండ్రుల నుండి ఆ యువకునికే సంక్రమించును. ప్రణాళిక 20 వారములలో పూర్తికావలెనని నియమమున్నను అనేక సందర్భములలో గడువు దాటుచున్నది. అచటి తలిదండ్రులును కార్యాలయముల చుట్టు తిరుగుచున్నారు. మనకు అట్టి ప్రణాళిక లేదు. ప్రధానోపాధ్యాయుడు వ్రాసియిచ్చు ఒక పేజీ పత్రమును కళాశాల ఫైలులో చేర్పించుట ఆ లోటును కొంత తీర్చును. అందుకు రూపాయి ఖర్చు లేదు.

పంచాయతీ చేయదగినది

రాజ్యాంగము 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములున్నవి. ప్రాథమిక, మాధ్యమిక విద్య అందు 17వది. సాంకేతిక శిక్షణ, వృత్తివిద్య 18వది. వికలాంగుల సంక్షేమముతో కూడిన సాంఘిక సంక్షేమము 26వది. కావున ఇది పరాయి పని కాదు. ఫిబ్రవరి మాసములో పదవ తరగతి పిల్లల జాబితాను ప్రధానోపాధ్యాయుని వద్ద చూచి, ఇట్టి పిల్లలెవరో గుప్తముగా తెలిసికొని, ఒక సభ్యుడు ఆ యింటికి పోవలెను. మహిళా సభ్యులు పోయినచో తల్లులు చనువుగా మాటలాడుదురు. పేర్లు గ్రామసభలో చదువరాదు. కళాశాల చేర్చుకొనుటకు నిరాకరించినచో ఆ నిరాకరణను వ్రాతమూలకముగా అడిగి, జిల్లా ఇంటర్మీడియట్ విద్యాధికారికిని, అవసరమైనచో రాష్ట్ర వికలాంగుల కమిషనరునకును దరఖాస్తు వ్రాసిపెట్టవలెను. దరఖాస్తు వ్రాయుట రాక ఆగిపోయిన కుటుంబములు తక్కువ కాదు.

చేర్చిన పిమ్మట మొదటి వారము ఇంటివారొకరు బస్సులో తోడు పోవుట మంచిది. రెండవ వారము గేటు వరకు గాక బస్సు స్టాండు వరకు. మూడవ వారము ఊరి బస్సు ఆగు చోటి వరకు. కండక్టరునకు ఒక మాట చెప్పియుంచవలెను. అసలు ధ్రువపత్రములన్నింటికి నకళ్లు తీసి ఇంట దాచుకొనవలెను. దసరా సెలవులలో సభ్యుడు మరల ఒకసారి ఆ యింటికి పోయి, మార్కులను గూర్చి కాక నిద్రను గూర్చియు, తిండిని గూర్చియు అడుగవలెను. పిల్లవాడు బరువు తగ్గియున్నను, ఇష్టమైన ఆటను మానివేసియున్నను, సెలవులు ముగియు దినము దగ్గరపడిన కొలది గదిలో నుండి రాకున్నను, సంవత్సరాంతము వరకు ఆగక కళాశాల వారితో మాటలాడవలెను. మార్పు తప్పదనిపించినచో సార్వత్రిక పాఠశాల ప్రవేశపు గడువు ఎప్పటి వరకు కలదో మండల విద్యాధికారి కార్యాలయమున ఆ సెలవులలోనే తెలిసికొనుట మంచిది.